రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్: కత్తి పడకముందే తేల్చుకోవాల్సినవి

రొమ్ములో గడ్డ తగిలినప్పుడు మన వైపు జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఒకటుంది. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు వెళ్తారు. "చిన్న గడ్డే, తీసేస్తే పోతుంది" అంటారు. అరగంటలో తీసేస్తారు. తీసిన గడ్డను పరీక్షకు పంపితే పంపుతారు, లేకపోతే లేదు. నెల తర్వాత అది క్యాన్సరని తెలిసి నెల్లూరుకో చెన్నైకో పరుగెత్తేసరికి అక్కడి సర్జన్‌కు కావాల్సిన ఆధారాలు సగం పోయి ఉంటాయి. గడ్డ అసలు సైజెంత, అంచుల్లో ఏమైనా మిగిలిందా, గడ్డ చుట్టూ ఏ వైపు ఎంత తీశారు, ఏదీ తెలియదు. రొమ్ము నిలుపుకునే అవకాశం చాలామందికి అక్కడే చేజారుతుంది.

మొదటి ఆపరేషనే సరైన ఆపరేషన్ కావాలి. అందుకు ముందు ఏ వరసలో ఏం జరగాలో, ఏ దారి ఎవరికి సరిపోతుందో, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలో కింద చెబుతున్నాం.

ముందు ముక్క పరీక్ష

గడ్డ చేతికి తగిలినా, చనుమొన కొత్తగా లోపలికి లాక్కున్నా, దాని నుంచి నెత్తురు చెమ్మ వచ్చినా, చర్మం దళసరెక్కి గుంటలు పడ్డా, చంకలో గట్టి బిళ్ల తగిలినా ఆలస్యం చేయకండి. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు, క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పుట్టదు. ఆకు పసర్లు, పట్టీలు వేస్తూ నెలలు గడిపితే గడ్డ చర్మాన్ని చీల్చుకుని పుండవుతుంది.

డాక్టరు రెండు రొమ్ములనూ రెండు చంకలనూ చేత్తో చూడాలి. తర్వాత మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే, దాంతోపాటు అల్ట్రాసౌండ్. వయసులో ఉన్నవాళ్లకు రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ కనపడకుండా పోవచ్చు, కాబట్టి 40 లోపు వాళ్లు అల్ట్రాసౌండ్ వదలకూడదు. ఆ పైన ముక్క పరీక్ష, అంటే బయాప్సీ.

ఇక్కడ ఒక మాట గట్టిగా అడగండి: "కోర్ బయాప్సీ చేస్తారా?" సన్నసూదితో చేసే ఎఫ్.ఎన్.ఎ.సి.లో విడి కణాలే వస్తాయి. క్యాన్సరా కాదా అన్నది దాదాపు తెలుస్తుంది గానీ, అది ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో తేల్చడానికి ముక్కే కావాలి. కోర్ బయాప్సీలో ముందు మత్తు సూది వేసి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 14 గేజ్ సూదితో నాలుగైదు ముక్కలు తీస్తారు. ఒక్కోటి సేమియా పుల్లంత ఉంటుంది. సూది స్ప్రింగు టక్కుమని గట్టిగా చప్పుడు చేస్తుంది, ఉలిక్కిపడకండి. పావుగంట పని, కాసేపు అదిమి పట్టుకుని అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. "సూది గుచ్చితే పాకుతుంది" అని చుట్టాలు భయపెడతారు. ఆ భయంతో బయాప్సీ మానుకున్నవాళ్లకే ఎక్కువ చెడు జరుగుతుంది.

తీసిన ముక్కలు వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో పడాలి. అందులో కనీసం 6 గంటలు ఉండాలి, 72 గంటలు దాటకూడదు. సెలైన్‌లో వేసి పంపినా, శనివారం సాయంత్రం తీసి పండగ సెలవులన్నీ అయ్యేదాకా కౌంటర్లో పడేసినా హార్మోన్ పరీక్షలు తప్పుగా రావచ్చు. చిన్న ఊళ్లో ముక్క తీయించుకుంటున్నట్లయితే సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి, ఏ ల్యాబ్‌కు ఎప్పుడు చేరుతుందో అడిగి తెలుసుకోండి. స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మలు) మీవే. వేరే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు అవీ తీసుకెళ్లాలి.

రిపోర్టులో చూడాల్సినవి

ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 అని మూడు పేర్లుంటాయి. మొదటి రెండూ హార్మోన్లకు సంబంధించినవి. అవి పాజిటివ్ అయితే ఏళ్ల తరబడి వేసుకునే మాత్రలు పనిచేస్తాయి. హెర్-2 అనేది క్యాన్సర్ కణం మీద ఉండే ఒక ప్రోటీన్. దాని అంకె 0 గానీ 1+ గానీ ఉంటే నెగెటివ్, 3+ ఉంటే పాజిటివ్. 2+ అంటే ఏదీ తేలలేదని అర్థం, ఫిష్ అనే మరో పరీక్ష చేయించాలి. 2+ దగ్గర ఆగిపోయి చికిత్స మొదలుపెట్టనివ్వకండి. మూడూ నెగెటివ్ అయితే ట్రిపుల్ నెగెటివ్ అంటారు.

గడ్డ చిన్నదై, చంకలో ఏమీ లేకపోతే ఒళ్లంతా పెట్ స్కాన్ అందరికీ అక్కర్లేదు. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చంకలో బిళ్లలు ఉన్నా, ఎముకల్లో నొప్పి, ఆయాసం లాంటివి ఉన్నా స్కాన్ తప్పదు. ఎందుకంటే అప్పటికే ఊపిరితిత్తులకో కాలేయానికో ఎముకలకో పాకి ఉంటే రొమ్ము తీసినంత మాత్రాన ఆయుష్షు పెరగదని ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి చేసిన అధ్యయనంలో, 2015లో తేలింది. అలాంటివాళ్లకు మందులే ప్రధానం. పుండు పడి బాధపెడుతుంటేనో, మరో ప్రత్యేక కారణం ఉంటేనో ఆపరేషన్ ఆలోచిస్తారు.

కీమో ముందా, ఆపరేషన్ ముందా

"ముందు ఆ గడ్డ తీసి పారేయండి డాక్టరుగారూ" అనడం సహజం. కానీ గడ్డ పెద్దదైతే, చర్మానికో ఛాతీ గోడకో అంటుకుని ఉంటే, చంక బిళ్లలు గుంపుకట్టి ఉంటే కీమో, అంటే క్యాన్సర్ కణాలను చంపే మందులు, ముందు ఇస్తారు. హెర్-2 పాజిటివ్, ట్రిపుల్ నెగెటివ్ రకాల్లో గడ్డ 2 సెంటీమీటర్లు దాటినా ఇదే పద్ధతి. లాభం రెండు రకాలు: గడ్డ కుదించుకుపోయి రొమ్ము నిలుపుకునే వీలు వస్తుంది, మందు పనిచేస్తోందో లేదో కళ్లముందే తెలుస్తుంది. ఆపరేషన్ వాయిదా వేశారంటే చేయి వదిలేశారని అనుకోవద్దు.

ఒక జాగ్రత్త ఉంది. కీమో మొదలయ్యే ముందే గడ్డ మధ్యలో చిన్న లోహపు క్లిప్పు పెట్టించుకోవాలి. మందు బాగా పనిచేస్తే గడ్డ పూర్తిగా కరిగిపోతుంది. అప్పుడు క్లిప్పు లేకపోతే ఎక్కడ కోయాలో సర్జన్‌కే తెలియదు, చివరికి రొమ్మంతా తీయాల్సి వస్తుంది. కీమో ఒకచోట, ఆపరేషన్ మరోచోట చేయించుకునేవాళ్లకు ఈ క్లిప్పు సంగతే ఎక్కువగా తప్పిపోతుంది. చివరి కీమో అయ్యాక మూడు నుంచి ఆరు వారాల మధ్య ఆపరేషన్ పెడతారు. గడ్డ కనపడటం లేదని ఆపరేషన్ మానుకోకూడదు.

రొమ్ము నిలుపుకోవడమా, మొత్తం తీయించుకోవడమా

అసలు నిర్ణయం ఇదే. మన ఇళ్లలో దీన్ని తరచూ భర్తో, కొడుకో, అన్నదమ్ములో డాక్టరు గదిలో తేల్చేసి బయటికొచ్చి "మొత్తం తీసేస్తారంట" అని చెబుతారు. కొన్ని ఇళ్లలో జబ్బు పేరు కూడా ఆమెకు చెప్పరు. ఇది తప్పు. శరీరం ఆమెది, సంతకం ఆమెది. ఆమె కూర్చుని వినాలి, ఆమె అడగాలి.

మొదటి దారి, గడ్డను దాని చుట్టూ కొంత మంచి కణజాలంతో కలిపి తీసి, మిగతా రొమ్మును ఉంచడం. దీన్ని లంపెక్టమీ అనో, రొమ్ము నిలిపే ఆపరేషన్ అనో అంటారు. దీని తర్వాత రేడియేషన్, మనవాళ్లు "కరెంటు పెట్టడం" అనేది, దాదాపు అందరికీ ఉంటుంది. రెండో దారి రొమ్మంతా తీయడం, మాస్టెక్టమీ.

మొత్తం తీస్తే ఎక్కువ కాలం బతుకుతారన్నది చాలామంది నమ్మకం. తగిన దశలో ఉన్నవాళ్లకు అది నిజం కాదు. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్టో వెరొనేసీ వేర్వేరుగా చేసిన అధ్యయనాల 20 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. రొమ్ము ఉంచుకున్నవాళ్లకూ, తీయించుకున్నవాళ్లకూ ఆయుష్షులో తేడా రాలేదు. అయితే ఫిషర్ అధ్యయనంలోనే మరో అంకె ఉంది. గడ్డ మాత్రమే తీయించుకుని రేడియేషన్ మానేసినవాళ్లలో 39 శాతం మందికి అదే రొమ్ములో క్యాన్సర్ తిరిగొచ్చింది, రేడియేషన్ తీసుకున్నవాళ్లలో 14 శాతం మందికి. అప్పటికీ ఇప్పటికీ మందులు మెరుగై ఈ అంకెలు తగ్గాయి గానీ తేడా తేడాయే. రేడియేషన్‌కు పోలేననుకుంటే రొమ్ము నిలిపే దారి ఎంచుకోవద్దు.

కాబట్టి ఈ ప్రశ్నలో దూరం కూడా ఒక లెక్కే. రేడియేషన్ సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఉంటుంది. ఇప్పుడు చాలాచోట్ల మూడు వారాల్లో 15 సార్లు ఇస్తున్నారు, కొందరికి పైన మరికొన్ని సార్లు కలుపుతారు. తగినవాళ్లకు ఒక్క వారంలో 5 సార్లు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది, అడగండి. కావలి నుంచి నెల్లూరుకు రోజూ వెళ్లి రావచ్చు. కనిగిరి, మార్కాపురం వైపు వాళ్లకు ఆ ప్రయాణం భారం, మెషీన్ ఉన్న ఊళ్లో మూడు వారాలు ఉండే ఏర్పాటు ముందే చూసుకోవాలి. మొత్తం తీయించుకుంటే ఈ బెడద ఉండదనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చంక గ్రంథుల్లో (ఉబ్బితే బిళ్లల్లా తగిలేవి ఇవే) క్యాన్సర్ కనపడినా, రొమ్ము తీసేశాక కూడా రేడియేషన్ పడే అవకాశం ఎక్కువ. ఆపరేషన్‌కు ముందే ఈ ప్రశ్న వేసి జవాబు రాయించుకోండి.

మొత్తం తీయాల్సిందే అనే పరిస్థితులూ ఉన్నాయి. రొమ్ములో వేర్వేరు మూలల్లో దూరదూరంగా గడ్డలు ఉండటం, మామోగ్రామ్‌లో రొమ్మంతా సున్నపు చుక్కలు పరుచుకుని ఉండటం, ఛాతీకి ఇదివరకే రేడియేషన్ ఇచ్చి ఉండటం, రొమ్మంతా ఎర్రబడి వాచిన రకం క్యాన్సర్, గర్భం తొలినెలలు. రొమ్ము చిన్నదై గడ్డ పెద్దదైతే ఆకారం పాడవుతుంది. అక్కడ ఆంకోప్లాస్టీ తెలిసిన సర్జన్ చుట్టుపక్కల కణజాలాన్ని జరిపి సర్దగలరు. రెండో రొమ్ము కూడా తీయించుకుంటే మంచిదా అని అడిగేవాళ్లున్నారు. బీఆర్‌సీఏ లాంటి జన్యులోపం లేనివాళ్లకు దానివల్ల ఆయుష్షు పెరగదు. తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ ఉన్నా, చిన్న వయసులో వచ్చినా, ట్రిపుల్ నెగెటివ్ అయినా జన్యుపరీక్ష గురించి అడగాలి.

రొమ్ము నిలిపే ఆపరేషన్‌లో సర్జన్ పనితనం తెలిసే చోటు అంచు. తీసిన ముక్కకు దారాలు కట్టి, ఏది పై వైపో ఏది పక్క వైపో గుర్తు పెట్టి పంపాలి. ల్యాబ్‌లో దానికి సిరా పూసి కోస్తారు. సిరా పూసిన అంచును క్యాన్సర్ కణం తాకకపోతే అంచు బాగున్నట్టు. తాకితే ఆ వైపు మళ్లీ కొంత తీయాలి. రెండోసారి థియేటర్‌కు వెళ్లాల్సి రావచ్చని ముందే మనసులో పెట్టుకోండి, అది సర్జన్ తప్పూ కాదు, జబ్బు ముదిరినట్టూ కాదు.

మత్తు ఇచ్చాక, కోతకు 7 నుంచి 10 నిమిషాల ముందు గడ్డ చుట్టూ 0.5 శాతం లిడోకెయిన్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. ముందుగా కీమో పడని తొలిదశ రోగులు 1,600 మందిపై మన దేశంలోనే, టాటా మెమోరియల్ నాయకత్వంలో చేసిన అధ్యయనం 2023లో అచ్చయింది. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు ఆ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 90.1 శాతం, తీసుకోనివారిలో 86.4 శాతం. ఖరీదైన మందు కాదు. "మీరు ఇస్తున్నారా?" అని అడగడానికి మొహమాటపడకండి.

చంక సంగతి

ఒకప్పుడు రొమ్ముతో పాటు చంకలోని గ్రంథులన్నీ ఊడ్చేసేవారు. ఇప్పుడు, చంకలో పైకి ఏమీ లేనివాళ్లకు సెంటినల్ పరీక్ష చేస్తారు. రొమ్ములో నీలం రంగో, రేడియోధార్మిక ద్రవమో ఇస్తే అది ముందుగా చేరే ఒకటి రెండు మూడు గ్రంథులను మాత్రమే తీసి చూస్తారు. అవి శుభ్రంగా ఉంటే మిగతా వాటి జోలికి పోరు. నీలం రంగు వాడితే ఒకటి రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగానో నీలంగానో రావచ్చు, కంగారు వద్దు.

చంకంతా తీస్తే చేయి వాపు అయిదుగురిలో ఒకరికి వస్తుంది. సెంటినల్‌తో సరిపెడితే ఇరవైమందిలో ఒకరికి. పొలం పని, ఇంటి పని చేసుకునే మనిషికి ఈ తేడా జీవితాంతం ఉండేది. అందుకే "నాకు సెంటినల్ సరిపోతుందా?" అన్నది అడగాల్సిన ప్రశ్నే. ఒకటి రెండు గ్రంథుల్లో కొద్దిగా కనపడినా, రొమ్ము నిలిపి రేడియేషన్ ఇచ్చేవాళ్లకు చంక మొత్తం తీయకుండా ఆగే వీలుంది. బిళ్లలు ముందే చేతికి తగిలి, కీమో తర్వాత కూడా మిగిలి ఉంటే మాత్రం పూర్తిగా తీయించుకోవడమే మేలు.

రొమ్ము ఆకారం

తీసిన చోట సిలికాన్ ఇంప్లాంట్‌తో గానీ, వీపు కండరంతోనో పొత్తికడుపు కొవ్వుతోనో గానీ మళ్లీ రొమ్ము కట్టొచ్చు. అదే ఆపరేషన్‌లో కట్టొచ్చు, ఏడాది రెండేళ్ల తర్వాతైనా కట్టొచ్చు. రేడియేషన్ పడేవాళ్లకు ఇంప్లాంట్ చుట్టూ గట్టిపడే ఇబ్బంది ఎక్కువ. ఇదేదీ వద్దనుకుంటే గాయం మానేదాకా మెత్తటి దూది పెట్టిన బ్రా, ఆరేడు వారాల తర్వాత తగిన బరువున్న సిలికాన్ రొమ్ము పెట్టుకోవచ్చు. బరువు సరిపోయేది కావాలి, లేకపోతే భుజాలు ఒకవైపు ఒరిగి మెడనొప్పి పట్టుకుంటుంది.

ఎక్కడ చేయించుకోవాలి

సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు ముగ్గురూ కలిసి కూర్చుని నిర్ణయించే చోటు ఎంచుకోండి. నెల్లూరులో రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, తిరుపతిలో టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చెన్నైలో ముత్తులక్ష్మీ రెడ్డి 1954లో మొదలుపెట్టిన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఒంగోలు వాళ్లకు గుంటూరు దగ్గర. పేరును బట్టి కాదు, ఆ తర్వాతి కీమోకు, రేడియేషన్‌కు ఎన్ని నెలలు తిరగగలరో చూసుకుని నిర్ణయించుకోండి. చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని కీమో మన ఊరి దగ్గర తీసుకోవడం కుదిరే పనే. రెండు చోట్లా ఒకే ఫైలు తిరగాలి, అంతే.

ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, మీరు వెళ్లే ఆసుపత్రిలో రొమ్ము క్యాన్సర్‌కు వర్తిస్తుందో లేదో 104కు ఫోన్ చేసి ముందే కనుక్కోండి. ఆధార్, రేషన్ కార్డు, బయాప్సీ రిపోర్టు దగ్గర ఉంచుకోండి. అనుమతి రాకముందే సొంత డబ్బు కట్టి ఆపరేషన్ చేయించుకుంటే తర్వాత వెనక్కి రాబట్టుకోవడం కష్టం.

ముందురోజు

షుగరు, బి.పి., రక్తం పలచబరిచే మాత్రలు ఏవి ఆపాలో, ఏవి వేసుకోవాలో మత్తు డాక్టరు చెప్పినట్టే చేయండి. గోరింటాకు, గోళ్లరంగు వద్దు, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చూపించదు. గాజులు, ఉంగరాలు, మెట్టెలు ఇంటి దగ్గరే తీసి రండి, థియేటర్‌లో కరెంటు పరికరంతో కోస్తారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదు. తాళి తీయడం మనసుకు కష్టమనిపిస్తే పుస్తెలు తీసి పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకోవడానికి ఒప్పుకుంటారేమో ముందురోజే అడగండి. స్ట్రెచర్ మీద ఉండగా ఈ గొడవ పెట్టుకోవద్దు. ముందు గుండీలున్న జాకెట్లు, నైటీలు నాలుగు సర్దుకోండి, చేయి పైకెత్తి తొడిగేవి పనికిరావు.

ఇంటికొచ్చాక గొట్టం

మాస్టెక్టమీ, చంక ఆపరేషన్ అయినవాళ్లు రెండు మూడు రోజుల్లో, గాయం లోపల చేరే నీటిని బయటికి లాగే గొట్టంతోనే ఇంటికొస్తారు. గొట్టం చివర మడతలు మడతలుగా అణిగే ప్లాస్టిక్ సీసా ఉంటుంది. అది అణిగి ఉంటేనే లోపలి నీరు లాగుతుంది. రోజూ ఒకే టైముకు, ఉదయం ఏడైతే ఏడుకే, చేతులు సబ్బుతో కడుక్కుని గొట్టం క్లిప్పు బిగించి, మూత తీసి, కొలతగీతలున్న కప్పులో వంచండి. సీసాను పూర్తిగా అణిచి, అణిగి ఉండగానే మూత పెట్టి, తర్వాత క్లిప్పు వదలండి. ఈ వరస తప్పితే సీసా లాగదు. ఎన్ని మిల్లీలీటర్లో తేదీతో నోటుపుస్తకంలో రాయండి. మొదట ఎర్రగా, తర్వాత గులాబీ రంగుగా, చివరికి గడ్డి రంగుకు మారాలి. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపు వరసగా రెండు రోజులు వస్తే గొట్టం తీస్తారు. చాలామందికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆర్.ఎం.పి. చేత తీయించొద్దు.

సీసా నీరు లేకుండానే ఉబ్బుతుంటే ఎక్కడో గాలి చొరబడుతోంది. నీరు ఒక్కసారిగా ఆగి చర్మం కింద ఉబ్బితే గొట్టంలో నెత్తురు గడ్డ అడ్డుపడింది. సీసా గంటల్లోనే ఎర్రటి నెత్తురుతో నిండితే అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి. గొట్టం తీశాక చంక కింద నీరు చేరడం మామూలే, సూదితో లాగేస్తారు.

ఆపరేషన్ తర్వాతి రిపోర్టు రెండు వారాల్లో చేతికి రావాలి. గడ్డ సైజు, అంచులు, తీసిన గ్రంథులెన్ని, వాటిలో ఎన్నింటికి పాకింది అనే నాలుగు అంకెలు అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. కీమో మిగిలి ఉంటే నాలుగైదు వారాల లోపు మొదలవ్వాలి. పుండు మానింది కదా అని ఇంటి దగ్గరే ఆగిపోవద్దు.

చేయి

మర్నాటి నుంచే పిడికిలి బిగించి వదలడం, మోచేయి మడిచి చాపడం చేయాలి. తల దువ్వుకోవడం ఆ చేత్తోనే చేయండి. గొట్టం ఉన్నన్నాళ్లు మోచేయి భుజం ఎత్తు దాటనివ్వద్దు. తీశాక గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పాకుతూ రోజుకు కొంచెం పైకి వెళ్లాలి, రోజుకు మూడుసార్లు. నొప్పని చేయి ఒంటికి కట్టుకుని కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది, తర్వాత రేడియేషన్‌కు చేయి పైకెత్తలేక అది వాయిదా పడుతుంది. పైచేయి లోపలి వైపు మొద్దుబారడం ఉంటుంది, కొందరికి అది పూర్తిగా పోదు.

చంక గ్రంథులు తీసినవాళ్లకు చేయి వాపు ఏళ్ల తర్వాతైనా రావచ్చు. నెలకోసారి మోచేతికి 10 సెంటీమీటర్లు పైనా కిందా రెండు చేతులనూ టేపుతో కొలవండి. తేడా 2 సెంటీమీటర్లు వస్తే చూపించుకోండి, మొదట్లో అయితే కట్టుతో, చేతికి బిగుతుగా తొడిగే స్లీవ్‌తో అదుపులోకి వస్తుంది. రక్తం తీయడం, సెలైన్, బి.పి. వీలైనంతవరకు రెండో చేతికే చేయించండి. తప్పనిసరై ఒకసారి ఆ చేతికి చేసినంత మాత్రాన కొంప మునగదు. అసలు ప్రమాదం గాయాలతో. పొదలకూరు వైపు నిమ్మకాయలు కోసేవాళ్లు ముళ్లు గీరుకోకుండా, రొయ్యల షెడ్లలో తలలు వలిచేవాళ్లు కొమ్ము గుచ్చుకోకుండా, పొగాకు, మిరప పనికి వెళ్లేవాళ్లు చర్మం పగలకుండా మోచేతిదాకా గ్లౌజు వేసుకోవాలి. రాత్రి చేతికి కొబ్బరినూనె రాసుకోండి. చేయి ఎర్రబడి, వేడెక్కి, చలిజ్వరం వస్తే అది చర్మం కింద చేరిన ఇన్‌ఫెక్షన్. ఆ రోజే యాంటీబయాటిక్ మొదలవ్వాలి, కాపడం పెట్టి తెల్లారిదాకా చూడొద్దు.